పాప ఏడుపు వేరు, నా జబ్బు వేరు

మా పాపకి మూడో వారం రాగానే ఏడుపు మొదలైంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందుకునేది. మామూలు ఏడుపు కాదు, గుక్కపట్టి ఏడవడం. మొహం కందిపోయేది, పిడికిళ్ళు బిగుసుకునేవి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకునేది. పాలిస్తే రెండు గుటకలు వేసి వదిలేసేది. భుజాన వేసుకుని తిప్పితే కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టేది. రాత్రి పదకొండు దాటాక ఎప్పుడో సొమ్మసిల్లినట్టు నిద్రపోయేది. తెల్లారేసరికి చక్కగా ఆడుకుంటూ ఉండేది. మళ్ళీ సాయంత్రం అదే వరస.

కాన్పుకి గుంటూరు వచ్చాను, బ్రాడీపేటలో మా పుట్టింటికి. సిజేరియన్ చేశారు. సరిగ్గా రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలు. అయినా బాలింత గది కిటికీలు మూసే ఉండాలి, ఫ్యాన్ గాలి తగలకూడదు. నాకేమో చెవుల్లో దూది, తలకి గుడ్డ. పాపకి టోపీ, మేజోళ్ళు, చేతులకి గుడ్డ తొడుగులు. అమ్మ ఇవన్నీ ప్రేమతోనే చేసింది. తన కాన్పులకి మా అమ్మమ్మ ఇలాగే చేసిందట.

చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ తలా ఒక కారణం చెప్పేవారు. దిష్టి అంది మేనత్త. ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు దిగదుడిచి నిప్పుల్లో వేశారు. కడుపులో గాలి చేరింది, వాము నీళ్ళు పట్టమన్నారు పక్కింటి పిన్నిగారు. వసకొమ్ము అరగదీసి నాకించమని ఒకరు, కాస్త ఆముదం పోయమని ఇంకొకరు. ఇవన్నీ ఒక ఎత్తు, "నీ పాలు చాలట్లేదేమోనే" అన్న మాట ఒక ఎత్తు. అది విన్నప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది.

ఒక రాత్రి మరీ ఎక్కువగా ఏడ్చాక, పొద్దున్నే కొత్తపేటలో పిల్లల డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ముందు పాప ఒంటి మీద నూలుపోగు లేకుండా విప్పించారు. మాడు తడిమారు, చెవుల్లో, నోట్లో లైటు వేసి చూశారు, గజ్జల్లో ఎక్కడైనా ఉబ్బుందేమో చూశారు. తర్వాత కాలి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశారు, ఆ తర్వాత చేతి వేళ్ళు. నాకు అర్థం కాక అమ్మ వంక చూశాను. చేతి తొడుగు లోపలి దారమో, తల్లి తలవెంట్రుకో పసివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదట. బిడ్డ ఆపకుండా ఏడుస్తుంది, పైకి ఏమీ కనిపించదు. మా పాప తొడుగు తిరగేసి, లోపల వేలాడుతున్న పోగులు ఆయనే చూపించారు. మా పాప వేళ్ళకి ఏమీ కాలేదు గానీ, ఆ తొడుగులు మాత్రం మళ్ళీ వేయలేదు.

తూకం వేశారు. రోజుకి సగటున 30 గ్రాముల లెక్కన బరువు పెరిగింది. రోజులో ఆరుసార్లకి పైగా ఒంటికి పోస్తోంది. "పాలు చాలకపోతే బిడ్డ ఇంత బరువు పెరగదమ్మా. నీ పాలు శుభ్రంగా చాలుతున్నాయి" అన్నారు. ఆ ఒక్క మాటకి అక్కడే ఏడ్చేశాను.

దీన్ని కోలిక్ అంటారట. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకి 3 గంటలు దాటి, వారంలో 3 రోజులు దాటి, 3 వారాలకు మించి ఇలా ఏడిస్తే ఆ పేరు పెట్టాలని 1954లో వెసెల్ అనే అమెరికన్ పిల్లల డాక్టర్ ఒక కొలత చెప్పారు. పుట్టిన రెండు వారాల తర్వాత ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారానికి బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకి దానంతట అదే తగ్గుతుంది. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంతవరకూ తేల్చలేదు. తల్లిపాలు తాగే బిడ్డకీ వస్తుంది, డబ్బాపాలు తాగే బిడ్డకీ వస్తుంది. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లో పుట్టిన మందు, మొదట్లో అందులో ఆల్కహాల్ కూడా ఉండేది. ఇప్పటి వాటిలో అది లేకపోయినా, కోలిక్ దానితో తగ్గుతుందనడానికి రుజువు లేదని చెప్పారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప వాము నీళ్ళు, వస, ఆముదం, తేనె ఏవీ వద్దన్నారు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుక్కి తగిలించనే కూడదు.

ఏమేం చూస్తే పరుగెత్తుకు రావాలో కూడా చెప్పారు. జ్వరం 100.4 దాటినా, పచ్చగా వాంతి చేసుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, పాలు పట్టడం మానేసినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా అర్ధరాత్రయినా ఆగకూడదు. చివరగా అమ్మ వైపు కూడా తిరిగి ఇంకో మాట గట్టిగా చెప్పారు. ఏడుపు ఇక భరించలేం అనిపిస్తే బిడ్డని మంచం మీద కాదు, పడిపోని చోట వెల్లకిలా పడుకోబెట్టి, ఇంకొకరిని పిలవాలి. ఎవరూ లేకపోతే గది బయట కొన్ని నిమిషాలు నిలబడి ఊపిరి పీల్చుకుని రావాలి. ఎత్తుకున్న బిడ్డని కోపంలో కుదపడం మాత్రం ఎప్పుడూ జరగకూడదు. పసిబిడ్డ మెడ నిలవదు, ఆ కుదుపుకి మెదడులో రక్తనాళాలు చిట్లుతాయి, ప్రాణమే పోవచ్చు. ఈ మాట ప్రతి బాలింత ఇంట్లో, ప్రతి మగవాడికీ తెలిసి ఉండాలి.

ఇంటికి రాగానే కిటికీలు తెరిచాం. పాపకి పల్చటి నూలు జుబ్బా ఒక్కటే వేశాం. కూలర్ హోరు వింటుంటే కాస్త సర్దుకునేది. సాయంత్రం గదిలో లైట్లు తగ్గించి, నాన్న గుండెల మీద నిటారుగా ఆనించుకుని హాల్లో పచార్లు చేసేవారు. ఏడుపు పోలేదు. కానీ అది జబ్బు కాదని ఇంట్లో అందరికీ తెలిసింది.

జబ్బు అప్పటికే నాకు వచ్చింది. అది ఎవరికీ కనిపించలేదు.

పాప పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చునేదాన్ని. స్నానం చేస్తుంటే ఏడుపు వినిపించేది, తలుపు తీస్తే పాప హాయిగా నిద్రపోతుండేది. సాయంత్రం నాలుగయ్యేసరికే కడుపులో దేవినట్టయ్యేది, అరచేతులు చెమటలు పట్టేవి. అమ్మ వెల్లుల్లి కారం అన్నం ముద్దలు కలిపి పెడితే గొంతు దిగేవి కావు. మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడితే పాప నా చేతుల్లోంచి జారిపోతున్నట్టు కళ్ళ ముందు కదిలేది. పాప కింద ఉయ్యాలలో ఉన్నా సరే. మేడ ఎక్కడం మానేశాను. ఆ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయన ఉద్యోగం విజయవాడలో, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేవారు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం" అనేదాన్ని. నేను లేకపోతే పాప ఇంకెవరి చేతుల్లోనైనా ఇంతకన్నా బాగుంటుంది అన్న ఆలోచన కూడా వచ్చింది.

కాన్పు అయిన ఆసుపత్రిలో కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నిద్ర పట్టట్లేదని చెప్పాను. "మొదటి కాన్పు కదా, అందరికీ ఉండేదే" అని చీటీ రాసి పంపేశారు. కుట్లు మానాయా, పాలు పడుతున్నాయా, ఇవే ప్రశ్నలు. నా మొహం ఎవరూ చూడలేదు. దీనికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఆ రోజు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే చాలు.

ఆ ప్రశ్న పిల్లల డాక్టర్ గారే అడిగారు, ఆరో వారం టీకాకి వెళ్ళినప్పుడు. "పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా తల్లీ?" లేదన్నాను. ఆయన ఒక కాగితం తీసి పది ప్రశ్నలు తెలుగులో చదివి, గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉందో చెప్పమన్నారు. ఎడిన్‌బరో ప్రశ్నావళి అంటారు దాన్ని, 1987 నుంచి వాడుకలో ఉంది. నవ్వగలుగుతున్నావా, కారణం లేకుండా భయం వేస్తోందా, అలా ఉంటాయి ప్రశ్నలు. పదోది, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. దాని దగ్గర ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. మా అమ్మని కాసేపు బయట కూర్చోమన్నారు. అప్పుడు పిట్టగోడ సంగతి మొదటిసారి నోరు తెరిచి చెప్పాను.

మానసిక వైద్యుల దగ్గరికి వెంటనే వెళ్ళమని రాసిచ్చారు. ఇంటికొచ్చాక అమ్మ బెంబేలెత్తిపోయింది. "పిచ్చి డాక్టర్ దగ్గరికా? మీ అత్తగారింట్లో తెలిస్తే ఏమనుకుంటారే?" అంది. నాన్న చొక్కా వేసుకుంటూ "పిల్ల ఉంటే కదా ఎవరేమనుకున్నా" అన్నారు. ఆటో ఆయనే పిలిచారు. మా ఆయనకి ఫోన్ చేస్తే ఆ సాయంత్రానికే బండేసుకుని వచ్చేశారు.

డాక్టర్ మేడమ్ చాలాసేపు మాట్లాడారు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే పోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది డిప్రెషన్. మన దేశంలో తల్లులయిన వాళ్ళలో దాదాపు 22 శాతం మందికి వస్తుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన ఒక సమీక్ష లెక్క కట్టింది. పిట్టగోడ దగ్గర వచ్చే ఆలోచన గురించి ఆవిడ అన్న మాట నా ప్రాణం నిలబెట్టింది: "నీకు ఆ ఆలోచన అంటే భయం వేస్తోంది. బిడ్డని కాపాడుకోవాలనే నువ్వు మేడ ఎక్కడం మానేశావు." లేని గొంతులు వినిపించడం, బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉందని నమ్మడం లాంటివి వేరే జబ్బని, అలాంటివి ఉంటే ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాలని మా వాళ్ళకి విడిగా చెప్పారు.

రక్తపరీక్షలు రాశారు. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి లక్షణాలే ఉంటాయట. థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ తక్కువుంది. ఐరన్‌తో పాటు సెర్ట్రలిన్ మాత్ర ఇచ్చారు. అది పాలలోకి చాలా స్వల్పంగానే వెళ్తుంది, పాలు మానక్కర్లేదన్నారు. నాకున్న పెద్ద టెన్షన్ అదే. రాత్రిపూట భయం వేస్తే 14416కి ఫోన్ చేయమన్నారు. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది, ప్రభుత్వానిది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పట్టుకెళ్ళేవాళ్ళుంటే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఎలాగూ ఉంది, డబ్బు లేదని ఆగక్కర్లేదు.

మాత్రతో పాటు నిద్ర కూడా మందులాగే రాశారు, రాత్రి తొమ్మిది నుంచి రెండింటిదాకా తెగకుండా. మా ఆయన సెలవు పెట్టారు. నేను పాలు పిండి, మూత ఉన్న స్టీలు గిన్నెలో పోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. మా ఎండలకి బయట ఉంచే పని లేదు. గిన్నెని వేడినీళ్ళలో కాసేపు ఉంచి, మా అమ్మమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నె మరగకాచి, దాంతో ఆయన పట్టేవారు. మొదట్లో సగం పాలు పాప మెడ మీదే. ఒడిలో కాస్త తల ఎత్తి పెట్టుకుని, ఉగ్గుగిన్నె ముక్కు పెదవి చివర ఆనించి, గుటక వేశాకే మళ్ళీ వంచాలని అమ్మ పక్కన కూర్చుని నేర్పింది. నేను మేడ మీది గదిలో కాదు, నాన్న గదిలో తలుపేసుకుని పడుకునేదాన్ని. ఏడుపు వినిపించేది. చూసుకునేవాళ్ళు ఉన్నారులే అనుకోవడం అలవాటు కావడానికి టైం పట్టింది.

ముందు ఆకలి తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం పెరుగన్నంలోకి ఆవకాయ అడిగితే, పథ్యం అని ఊరుకోకుండా అమ్మ కాస్త ముక్క వేసింది. తర్వాత నిద్ర. నవ్వు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. మధ్యలో మళ్ళీ దిగజారిన రోజులున్నాయి. మందు పనిచేయట్లేదని ఏడిస్తే, రెండు మూడు వారాలు ఆగాలని, గబుక్కున మానకూడదని మేడమ్ ఫోన్‌లో చెప్పారు.

నాలుగో నెలకి పాప ఏడుపు చెప్పినట్టే తగ్గిపోయింది. అప్పుడు ఇంట్లో అందరూ ఒకటే మాట, పిల్ల ఏడుపు మానేసింది కదా, ఇంకా మాత్రలెందుకని. పాప ఏడుపుకి వయసే మందు, నా జబ్బుకి కాదు. ఆ రెండూ వేరని మా వాళ్ళకి మేడమ్ చేత ఇంకోసారి చెప్పించాల్సి వచ్చింది. పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, తర్వాత మెల్లగా తగ్గించాలట.

ఇప్పుడు విజయవాడ వచ్చేశాం. పాప ఉగ్గు తింటోంది, నేను డ్యూటీలో చేరాను. మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నాను, మా అత్తగారికి తెలుసు, మర్చిపోతే ఆవిడే గుర్తు చేస్తారు. వచ్చే నెల గుంటూరు వెళ్ళి మేడమ్‌కి చూపించుకోవాలి, మోతాదు తగ్గించే సంగతి అప్పుడు చెబుతామన్నారు.