బోరు నీళ్లు, అరటి తొక్క పొడి: ఐదు వారాల లెక్క

మా పర్లాకిమిడి ఇంట్లో బోరు నీళ్లు తోడినప్పుడు అద్దంలా ఉంటాయి. గంట ఆగితే బకెట్ అడుగున ఎర్రటి మడ్డి. నీళ్లలో కరిగిన ఇనుము గాలి తగిలి తుప్పుగా మారుతుంది. లీటరుకి 0.3 మి.గ్రా. దాటితే బట్టలకి మరకలు పడతాయి. నీళ్లలో ఇనుముని రంగుతో చూపే మా కిట్‌లో అది 3 దగ్గర తేలింది. ఇంట్లో, మిల్లులో పారేసే వాటితో ఆ ఇనుముని తీయగలనా అని చూశాను.

మొదటి వారం చింతగింజల పొట్టు వేశాను, లీటరుకి రెండు చెంచాలు. పది నిమిషాల్లో నీళ్లు నల్లబడ్డాయి. "ఏటిరా ఇది, బకెట్లో సిరా కలిపేవా?" అంది అమ్మ. నిజంగా సిరాయే. పొట్టులోని టానిన్ ఇనుముతో కలిస్తే వచ్చే నలుపు అది, పాతకాలం కరక్కాయ సిరాలో ఉన్నదీ అదే. పొట్టు పెరట్లోకి పోయింది.

రెండో వారం మిల్లు నుంచి తెచ్చిన వరి ఊక. కడిగి, ఎండబెట్టి, రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున్నే గుడ్డలో వడగట్టాను. రంగు 0.5కి దిగింది! ఆ సంబరంలో ఉండగా పాతపట్నం నుంచి బావ వచ్చాడు, కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. "ఊక లేని బకెట్ ఒకటి పక్కన పెట్టేవా బావా?" అన్నాడు. పెట్టలేదు.

మర్నాడు పెట్టాను. ఊక లేకుండా, నీళ్లని ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి పదిసార్లు ఎత్తి పోసి, రాత్రంతా ఉంచి వడగడితే అదే 0.5. పని చేసింది గాలీ, గుడ్డా. దండ మాత్రం ఊకకి వేశాను. బట్టలు ఉతకడానికి ఇప్పుడు మా ఇంట్లో చేస్తున్నది ఇంతే.

లోహం పొడికి అంటుకుని నీళ్లలోంచి పోవడాన్ని అధిశోషణం అంటారు. అది కళ్లతో చూడాలంటే గాలికి అడుగున పడిపోని లోహం కావాలి. ఎరువుల కొట్లో మైలుతుత్తం దొరుకుతుంది, కొట్టాయన ఒడియాలో తుతియా అంటాడు. దాని బరువులో పావు వంతు రాగి. కాబట్టి లీటరులో ఒక గ్రాము కలిపితే దాదాపు 250 మి.గ్రా. రాగి. రంగు పోల్చడానికి, సగానికి సగం పలచన చేస్తూ 125, 62, 31 సీసాలు కూడా పెట్టుకున్నాను. రాగి రంగు తేలడానికి అమ్మోనియా వేస్తాను. మొదటి చుక్కకి లేత నీలం తెట్టు కడుతుంది, ఇంకొంచెం పోస్తే తేటపడి ముదురు నీలం. సీసాని తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడాలి. పక్కనుంచి చూస్తే 31కీ మంచినీళ్లకీ తేడా తెలియదు.

మూడు, నాలుగు వారాలు అరటి తొక్కలు. మూడు రోజులు ఎండ, తర్వాత రోలు, తర్వాత టీ జల్లెడ. పొడిని నాలుగుసార్లు మరిగించి వార్చకపోతే గోధుమ రంగు దిగి నీలాన్ని చూడనివ్వదు. 200 మి.లీ. 250 సీసా నీళ్లలో 5 గ్రాములు, రెండు గంటలు కలుపుతూ ఉంటే 125కి కాస్త దిగువకి వచ్చింది.

తొక్కలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం తన ఆమ్లపు చివరలతో లోహాన్ని పట్టుకుంటుంది. అక్కడ ముందే కాల్షియం కూర్చుంటే రాగి దాన్ని లేపి ఆ చోట చేరుతుందని బావ చెప్పాడు. అందుకే పొడిని కాల్షియం ఉన్న సున్నపు తేటలో ఒక పూట నానబెట్టాను. ఈసారి నీలమే లేదు. కానీ అడుగున లేత నీలం మడ్డి! కడగడం చాలక పొడిలో సున్నం మిగిలిపోయింది, అదే రాగిని మడ్డిగా విరగ్గొట్టింది. ఊక కథే మళ్లీ.

ఐదో వారం పొడి కడిగిన నీళ్లు పసుపు కాగితాన్ని ఎర్రబరచడం మానేదాకా కడిగాను. తొమ్మిది కడుగుళ్లు. పక్కన పొడి లేని సీసా కూడా పెట్టాను, అది 250 దగ్గరే ఉంది. పొడి వేసింది 62కీ 31కీ మధ్య, అడుగున మడ్డి లేదు. ఈ అంకెని నమ్ముతున్నాను.

ఇవేవీ తాగే నీళ్లు కావు. రాగి చేపలకి విషం కాబట్టి వాడిన నీళ్లు, పొడి మూత బిగించిన డబ్బాలో అటక మీద ఉన్నాయి. వచ్చే ఆదివారం ఆ పొడిని వెనిగర్‌లో నానబెట్టి, రాగి ఎంత వెనక్కి వస్తుందో చూస్తాను.