చలికి చేప మేత మానేసిందంటే ఒంట్లో ఏం జరుగుతున్నట్టు?

డిసెంబర్ వచ్చిందంటే కైకలూరు, భీమవరం వైపు చెరువు గట్ల మీద ఒకటే మాట, చేప మేత ముట్టట్లేదండి అని. గడలకి కట్టిన చిల్లుల మేత సంచి సాయంత్రం పైకి లాగితే తవుడు సగం అలాగే ఉంటది. చేపకి మనలా సొంత ఒంటి వేడి ఉండదు కదా, నీళ్ళు ఎంత చల్లగా ఉంటే ఒళ్ళూ అంతే, నీళ్ళ వేడి ఉన్నదానికంటే పది డిగ్రీలు తగ్గిందంటే ఒంట్లో జరిగే పనులు దాదాపు సగానికో మూడో వంతుకో దిగిపోతాయి, ఇక ఆకలెక్కడిది.

కానీ అదే చలిలో కొన్ని వారాలు ఉండనివ్వండి, మెటబాలిజం, అంటే ఒంట్లో జరిగే ఆ పనుల వేగం, కొంత మళ్ళీ పైకొస్తది. నాకు ఇదే భలే నచ్చుతుంది. కండల్లో మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగాలు) పెరుగుతాయి, ట్రౌట్ చేపకైతే గుండె సైజే పెరుగుద్ది. కణాల పొరల్లో కొవ్వు కూడా మారిపోద్ది, చలికి నెయ్యి గడ్డకట్టినా నూనె కట్టదు చూడండి, చేప కూడా నెయ్యి రకం కొవ్వు తగ్గించి నూనె రకం పెంచుకుంటది, పొర బిగుసుకుపోకుండా.

యూరప్‌లో ఉండే క్రూషియన్ కార్ప్ ఇంకో మెట్టు పైన. చన్నీళ్ళలో ఆక్సిజన్ అవసరం తక్కువ కాబట్టి మొప్పల రేకుల మధ్య సందులన్నీ కణాలతో పూడ్చేసుకుంటది, ఒంట్లో ఉప్పు బయటికి పోకుండా. నీళ్ళు 25 డిగ్రీలకి వస్తే ఆ కణాలు పోయి రేకులు మళ్ళీ బయటపడతాయి. మొప్పల్నే మార్చేసుకోవడమంటే మాటలా!

ఎండాకాలం లెక్క వేరు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 దగ్గర 7.5కి వచ్చేస్తది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. వేడికి అలవాటు పడ్డ చేపకి ఆ ఆక్సిజన్ ఖర్చు కాస్త తగ్గుద్ది గానీ పూర్తిగా తగ్గదు, అందుకే తెల్లారుజామున పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ వెయ్యక తప్పదు.

ఇంకోటి, వేడికి రోజుల్లో అలవాటు పడే చేపకి చలికి వారాలు కావాలి. చెరువులో చేపపిల్ల దింపేటప్పుడు పిల్లలున్న కవరు పదిహేను ఇరవై నిమిషాలు చెరువులో తేలేసేది షాక్ తగలకుండా ఉండటానికే, దాంతో చేప అలవాటు పడిపోయినట్టు కాదు. చలికాలంలో పిల్ల వేసి మర్నాటి నుంచే ఫుల్ మేత కట్టేసి, అది కుళ్ళి నీళ్ళు పాడయ్యాక సీడే (చేపపిల్లే) బాలేదని తిట్టుకోవడం నాకైతే అన్యాయం అనిపిస్తది.