కిట్టులో బియ్యం తగ్గించి పప్పు పెంచండి

విశాఖ జిల్లా పద్మనాభం, ఆనందపురం మండలాల్లో పేద ఇళ్లకు నెల సరుకులు ఇద్దామనుకునేవారు ముందుగా కొనేది బియ్యం బస్తా. చేతిలో డబ్బు చాలావరకు అక్కడే అయిపోతుంది. రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి 5 కిలోలు, మరీ పేదలకిచ్చే అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోల బియ్యం రేషన్ డిపోలో ఉచితంగానే వస్తున్నాయి. ఆ ఇంట్లో కరువైంది పప్పు, నూనె. చారన్నంతో రోజులు నెట్టుకొచ్చేవాళ్లకు ఇంకో బస్తా ఇస్తే అదే చారన్నం ఇంకాస్త పెరుగుతుంది, అంతే.

మనిషికి రోజుకు 25 గ్రాముల పప్పు వేసుకున్నా నలుగురికి నెలకు 3 కిలోలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 85 గ్రాముల ముందు ఇది తక్కువే, కానీ అసలు లేకపోవడం కంటే నయం. అందులో 2 కిలోలు కంది, 1 కిలో పెసర. దానితో నూనె 2 లీటర్లు, చోడిపిండి (రాగిపిండి) 2 కిలోలు, వేరుశనగ గుళ్లు అర కిలో, బెల్లం కిలో, అయోడిన్ ఉప్పు కిలో, చింతపండు అర కిలో, కారం పావు కిలో, పసుపు 100 గ్రాములు. అంతా కలిపి దాదాపు 10 కిలోలు. ముసలమ్మలు అంత బరువు మోయలేరు. రెండు సంచులు చేసి, వాళ్ల వీధిలోనే పంచాలి.

ఒంటరి వృద్ధులకు కంది వద్దు. కట్టెల పొయ్యి మీద అది ఉడికేసరికి ఉన్న పుల్లలన్నీ అయిపోతాయి. పెసరపప్పు, అటుకులు ఇవ్వండి.

కార్డు లేనివాళ్ల సంగతి వేరు, వాళ్లకు బియ్యమే ముందు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల్ని మాత్రం సొంతూరి కార్డుందా అని అడగండి. ఆధార్‌తో కలిసి ఉంటే ఆ బియ్యం ఇక్కడి డిపోలోనూ తీసుకోవచ్చు. డిపోలో ఇబ్బంది పెడితే ఫిర్యాదుకు 1967.

జాబితా ఒక్క పెద్దమనిషి చేత రాయించకండి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం లీడరు, ముగ్గురినీ విడివిడిగా అడిగితే ఊరి చివర గుడిసెలు కూడా పేర్లలోకి వస్తాయి. పంపిణీ 20వ తేదీ తర్వాత పెట్టండి. పింఛను ఒకటిన వస్తుంది, డిపో సరుకు నెల మొదటి సగంలో వస్తుంది, ఇల్లు ఖాళీ అయ్యేది చివరి వారంలోనే.

పూర్ణా మార్కెట్‌లో టోకున కొనేటప్పుడు నూనె ప్యాకెట్ మీద బరువు చదవండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగాలి. చూపుకు అలాగే ఉండి తక్కువ తూగేవి చాలా ఉన్నాయి. కందిపప్పులో పలకలు తేలిన గింజలుంటే కల్తీకి వాడే లంకపప్పు (కేసరిపప్పు) కలిసిందని అనుమానించాలి. సముద్రపు గాలికి వానాకాలంలో బెల్లం నీరు కారి పక్కనున్న పిండిని పాడు చేస్తుంది, అందుకే దాన్ని విడిగా కవరులో కట్టాలి. చోడిపిండి పంపిణీకి వారం ముందు ఆడించుకుంటే చాలు, నెలల తరబడి నిల్వ ఉంచితే పురుగు పడుతుంది. సబ్బులు అదే సంచిలో వేస్తే పప్పంతా సబ్బు వాసనే.

భీమిలి తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవల మీద పనిచేసే కలాసీల ఇళ్లలో రాబడి ఆగేది అప్పుడే. ఏడాదంతా సమానంగా పంచే బదులు ఆ రెండు నెలలూ కిట్టు రెట్టింపు చేయడం మేలు.

పంచేచోట ఒక మాట తప్పక చెప్పండి. డిపో బియ్యంలో నూటికొకటి చొప్పున కలిపిన పోషక గింజలు వస్తే, వాటిని ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండితో చేసినవే, ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉన్నది వాటిలోనే.