చుక్క నోరు ఆడుతుంటేనే నాకు నిద్ర

మా దగ్గర గుర్రం ఉందని తెలిస్తే చాలు, జనం అడిగేవి రెండే. ఎంత స్పీడ్ పోతుంది, ఏం పెడతారు. మొదటిదానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటా. రెండోదానికి గడ్డి అంటా. అప్పుడు చూడాలి వాళ్ల మొహాలు, బాదంపప్పులో నెయ్యి ముద్దలో చెప్తానని ఎదురుచూసినవాళ్లు ఒక్కసారిగా డీలా పడిపోతారు. ఒట్టి గడ్డేనా? అవును, దాదాపు ఒట్టి గడ్డే. ఈ ముక్క బుర్రకెక్కడానికి నాకు ఏడాది పైనే పట్టింది, మధ్యలో దాని ప్రాణం మీదకి కూడా తెచ్చా.

దాని పేరు చుక్క. నుదుటి మీద తెల్ల చుక్క ఉంది కాబట్టి చుక్క, అంతకన్నా కథేం లేదు. వచ్చిన కొత్తలో నాది మనుషుల లెక్కే. పొద్దున డబ్బాడు దాణా, సాయంత్రం డబ్బాడు దాణా, మధ్యలో టైంపాస్‌కి కాస్త గడ్డి. కడుపు నిండా పెడుతున్నా కదా అని ధీమా. అదేమో మధ్యాహ్నం అయ్యేసరికి లాయం చెక్కలు కొరకడం మొదలుపెట్టేది. ఒళ్లు కొవ్వెక్కి చేస్తోంది అనుకుని చెక్కకి కారం నీళ్లు పూశా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గుర్రాల దగ్గరే జుట్టు నెరిసిన బాబాయ్ ఒకాయన ఉన్నాడు, అది చూసి నవ్వాడు. "అల్లరి కాదు అబ్బాయ్, ఆకలి. దాని నోరు ఊరికే ఉండకూడదు" అన్నాడు. నేను విని వదిలేశా.

అసలు సంగతి ఏంటంటే, అంత పెద్ద జంతువుకి పొట్ట మాత్రం చిన్నది. 10, 15 లీటర్లు పడుతుందేమో, ఒక బకెట్ అంత. వదిలేస్తే రోజులో 14 నుంచి 18 గంటలు కొంచెం కొంచెంగా మేస్తూ ఉండే ఒళ్లు దానిది, అందుకని ఆ పొట్టలో యాసిడ్ తిన్నా తినకపోయినా 24 గంటలూ ఊరుతూనే ఉంటుంది. ఆ యాసిడ్‌కి విరుగుడు లాలాజలం. తిరకాసు ఎక్కడంటే లాలాజలం నమిలేటప్పుడే వస్తుంది. నమలడం ఆగిందా, విరుగుడు ఆగింది, యాసిడ్ ఆగలేదు. పొట్టలో పుళ్లు పడేది అలాగే, పందెం గుర్రాల్లో ఇది మరీ ఎక్కువ. దాణా నాలుగు నిమిషాల్లో ఊదేస్తుంది, అదే బరువు గడ్డి అయితే దానికి ఎన్నో రెట్ల సేపు నమలాలి. చుక్క చెక్క కొరికింది అందుకే అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది, ఎందుకంటే గడ్డి వల (గడ్డి నింపి వేలాడదీసే వల) ఎప్పుడూ ఖాళీ అవకుండా చూడటం మొదలుపెట్టాక ఆ చెక్క జోలికి పెద్దగా పోలేదు.

సరే, ఆ రాత్రి సంగతి. ఓట్స్ ఉండే పాత దాణా బస్తా అయిపోయింది, కొత్తది తెచ్చా, అది వేరే రకం, మొక్కజొన్న ఎక్కువ. అదే డబ్బాతో అంతే కొలిచి పెట్టా. పదకొండుకి ఎందుకో ఒకసారి చూద్దామని వెళ్తే చుక్క ముందుకాలితో నేల గీరుతోంది, తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది, పై పెదవి పైకి మడుస్తోంది. పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. డాక్టర్ గారికి ఫోన్ చేశా. ఆయన వరసగా అడిగారు, నాడి ఎంతుంది, చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి, ఆఖరున లద్దె ఎప్పుడు వేసింది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. రోజూ దాని పక్కనే ఉంటున్నా, మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూసి పెట్టుకోలేదు, ఇక తేడా ఎలా తెలుస్తుంది.

"ఏం పెట్టకండి, ఎదురుగా ఉన్న గడ్డి కూడా తీసేయండి, పొర్లకుండా మెల్లగా నడిపిస్తూ ఉండండి, మీ అంతట మీరు మందులేం వేయొద్దు" అని ఆయన బయల్దేరారు. ఫోన్లోనే చెప్పినట్టు దవడ ఎముక అంచు కింద వేళ్లు పెట్టి వెతికితే నాడి దొరికింది, 15 సెకన్లలో 15 కొట్టుకుంది, అంటే నిమిషానికి 60. నిలకడగా ఉన్న పెద్ద గుర్రానికి 28 నుంచి 44 మధ్య ఉండాలట. ఆయన వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి పొట్టదాకా ట్యూబ్ వేశారు. గుర్రం వాంతి చేసుకోలేదు, పొట్టలోకి వెళ్లే దారి దగ్గర ఉండే కండ అంత గట్టిగా బిగిసి ఉంటుంది, గ్యాసో నీళ్లో పైకి తన్నితే బయటికి దారి లేక పొట్ట పగిలిపోయే ప్రమాదం కూడా ఉందంట, అందుకని ట్యూబ్. తెల్లవారుజామున మూడింటికి చుక్క లద్దె వేసింది. లద్దె చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషిని నేనే అయ్యుంటా.

ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తు. గుర్రానికి పేగుల్లో సీకమ్ అని పెద్ద సంచి ఉంటుంది, గడ్డిని పులియబెట్టి బలం తీసేది అందులో ఉండే సూక్ష్మజీవులే. మీరు పెట్టేది గుర్రానికి కాదు వాటికి అనుకోండి అన్నారు. తిండి ఒక్కసారిగా మారిస్తే అవి తట్టుకోలేవు, గింజల్లోని పిండిపదార్థం ఎక్కువైతే పైన అరగకుండా సీకమ్‌లోకి దిగి పుల్లబడిపోతుంది, అక్కడ మొదలై కడుపునొప్పి రావచ్చు, లామినైటిస్ అని గిట్టల లోపల వాపు కూడా రావచ్చు. కొత్త దాణా అయినా కొత్త గడ్డి అయినా పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ పది రోజులు, రెండు వారాలు పట్టించాలి. ఇంకోటి, డబ్బాతో కొలవడం మానేసి తూకం వేయమన్నారు. తర్వాత వేసి చూశా కదా, ఓట్స్ నింపిన డబ్బా కన్నా మొక్కజొన్న నింపిన డబ్బా ఒకటిన్నర రెట్ల పైనే తూగింది. అంటే ఆ రోజు నేను "అంతే" పెట్టలేదన్నమాట.

చుక్క బరువు కూడా అంతదాకా నోటిలెక్కే. ఇప్పుడు టేపుతో చూస్తా. మూపు వెనక నుంచి రొమ్ము చుట్టూ ఒక కొలత, భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరి ఎముక దాకా ఇంకో కొలత, సెంటీమీటర్లలో. చుట్టుకొలతని దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు. చుక్కకి 170, 160 వచ్చాయి, అంటే దాదాపు 389 కిలోలు. రోజుకి బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుగడ్డి అనుకుంటే దానికి ఆరు నుంచి ఎనిమిది కిలోలు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అని సామెత ఉంది కానీ, పెద్దగా పని లేని గుర్రానికి మంచి గడ్డి, ఉప్పు, కాస్త ఖనిజాల మిశ్రమం ఉంటే దాణా దాదాపు అక్కర్లేదు. పని చేసే గుర్రానికైనా ఒక్కపూటకి రెండు కిలోలు దాటించను నేను. దాణా డ్రమ్ముకి తాళం వేస్తా, రాత్రి కట్టు తెంపుకుని దాంట్లో తల పెట్టిందంటే ఇక చాలు అని ఆగే జంతువు కాదు అది.

పశువుల దాణా మిగిలింది కదా అని పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానేయండి. ఆవుల దాణాలో, కోళ్ల దాణాలో మోనెన్సిన్ అని ఒక మందు కలుపుతుంటారు, వాటికి ఏం కాదు, గుర్రానికి మాత్రం కొంచెం చాలు గుండె కండరం దెబ్బతింటుంది, విరుగుడు కూడా లేదు. తవుడు సంగతి ఇంత భయంకరం కాదు గానీ అదే పనిగా పెడితే దెబ్బే, దాంట్లో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం తక్కువ, నెలల తరబడి అలా తింటే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, చివరికి మొహం ఎముకలు ఉబ్బి తల పెద్దదైనట్టు కనిపిస్తుంది. బూజు పట్టిన గడ్డి, గడ్డి కోసే మిషన్లోంచి వచ్చే పచ్చి తుక్కు కుప్ప, రెండూ వద్దు.

నీళ్లు రోజుకి 25 నుంచి 45 లీటర్లు, ఎండుగడ్డి తింటూ చెమట పట్టే గుర్రం ఇంకా తాగుతుంది. చలికాలంలో తక్కువ తాగితే పేగులో గడ్డి గట్టిపడి ఇరుక్కుంటుంది, అందుకే ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో పెడతా. తొట్టి రోజూ కడగాలి, పాచి పట్టిన నీళ్లు నువ్వు తాగుతావా.

పళ్ల గురించి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గుర్రం పళ్లు అరుగుతూ ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూనే ఉంటాయి, దవడ పళ్ల అంచులు కత్తుల్లా తేలి బుగ్గలు కోసేస్తాయి. ఒకసారి చుక్క కింద గడ్డి ఉండలు కనిపించాయి, సగం నమిలి తడితడిగా ఊసేసిన ఉండలు, అరచేతిలో పెట్టుకుని చూస్తే పొడుగు పోచలు అలాగే ఉన్నాయి. గడ్డి బాలేదేమో అని గడ్డి మార్చా (మళ్లీ మెల్లగానే, బుద్ధొచ్చింది కదా). గడ్డి కాదు, పన్ను. ఆకురాయితో అంచులు రాయించాక వారంలో ఉండలు ఆగిపోయాయి. ఇప్పుడు ఏడాదికొకసారి తప్పకుండా చూపిస్తా.

గిట్టలు రోజూ ఎత్తి గీకాలి, ఇందులో బద్ధకం పనికిరాదు. అడుగున మధ్యలో త్రికోణంలా మెత్తటి భాగం ఉంటుంది కదా, దాని పక్క గాడుల్లో లద్దె, తడి పేరుకుంటే కుళ్లు పడుతుంది. నల్లగా జిగురులా వస్తుంది, ఆ కంపు ఒక్కసారి ముక్కుకి తగిలితే జన్మలో మర్చిపోరు. నేను ఇప్పుడు గిట్ట ఎత్తగానే ముందు వాసన చూస్తా, చూసేవాళ్లు వీడికి పిచ్చి అనుకుంటారు. చెక్కడం ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి, లాడం ఉన్నా లేకపోయినా.

నులిపురుగుల మందు క్యాలెండర్ చూసి వేసేయడం కాకుండా లద్దె పరీక్షలో గుడ్లు లెక్కపెట్టించి వేయడం మంచిది, ఊరికే వేస్తూ పోతే మందు పనిచేయడం మానేస్తుంది. ధనుర్వాతం టీకా మాత్రం తప్పించకండి, గుర్రాలకి అది చాలా తేలిగ్గా పడుతుంది.

లావు సంగతి కూడా ఒకటుంది, బక్కగా ఉంటే అందరూ అయ్యో అంటారు, బలిసిపోతే బాగా చూసుకుంటున్నారు అంటారు. 1983లో హెన్నెకే అనే ఆయన 1 (మరీ బక్క) నుంచి 9 (మరీ లావు) దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టాడు, 5 అంటే పక్కటెముకలు కంటికి కనపడవు, చేత్తో రాస్తే తగులుతాయి. చుక్కకి ఒక దశలో నేను 7 వేయాల్సి వచ్చింది, మెడ మీద జూలు కింద కొవ్వు గట్టిగా తగిలేది. అప్పుడు తిండి కోసేయకుండా చిన్న కన్నాల వల కొన్నా. అదే గడ్డి, రెట్టింపు సేపు లాక్కుంటూ తింటుంది.

బాబాయ్ నిన్న వచ్చి ఆ వల చూసి "గుర్రానికి చేపల వల వేశావేంటి అబ్బాయ్" అన్నాడు. చుక్క నాడి చూస్తే 36. పొద్దున లాయంలో ఆరు కుప్పలు లద్దె, అన్నీ మామూలుగానే ఉన్నాయి. పది కావొస్తోంది, ఆఖరి వల నింపాలి, ఉంటా.