విమానం రద్దయ్యాక శ్రీనగర్‌లో: నా అనుభవం

నిన్న రాత్రే ఇల్లు చేరాం. అమ్మకి ఒళ్లు నొప్పులు తగ్గలేదు, నాకు ఆ కౌంటర్ మీద కోపం తగ్గలేదు. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను. జనవరిలో కాశ్మీర్ వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

వెళ్లడం, గుల్‌మార్గ్ చూడడం, దాల్ సరస్సు ఒడ్డున తిరగడం హాయిగా జరిగిపోయాయి. తిరిగి బయల్దేరాల్సిన రోజు పొద్దున లేచేసరికి రోడ్డూ గోడలూ ఏవీ కనిపించలేదు. రాత్రంతా మంచు కురిసిందట. విమానాశ్రయానికి చాలా ముందే ఒక గేటు దగ్గర బండి దిగి, సామానంతా స్కానింగ్‌కి పెట్టాలి. అమ్మ చెయ్యి పట్టుకుని ఆ మంచులో అదీ అయిందనిపించాను. లోపలికి వెళ్లి కూర్చున్నాక బోర్డు మీద ఒక్కో విమానం ముందు ఆలస్యమన్నారు, తర్వాత రద్దన్నారు.

రద్దు చేసినందుకు నేనెవరినీ తప్పుపట్టను. రన్‌వే మీద మంచు పేరుకుపోయి, ఎదురుగా ఏమీ కనపడకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించే.

మా విమాన సంస్థ కౌంటర్‌లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఎవరేం అడిగినా "యాప్‌లో చూసుకోండి" అంటున్నాడు. యాప్ తెరిస్తే "కౌంటర్‌లో సంప్రదించండి" అని వస్తోంది. క్యూ కదలదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నేను సామాను తేవడానికి పక్కకి వెళ్లిన కాసేపట్లో ఆవిడ కౌంటర్ దగ్గరికి వెళ్లి, వచ్చీరాని హిందీలో "బాబూ, ఒక కుర్చీ ఉంటే ఇప్పిస్తావా" అని అడిగింది. అతను తలెత్తనైనా లేదు. "మాట్లాడటం రాకపోతే ఎవరినైనా వెంట తెచ్చుకో, పక్కకి జరుగు" అని ఈగని తోలినట్టు చెయ్యి విదిలించాడు. వెనక ఎవరో నవ్వారు. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి మా అమ్మ. బ్యాగు గుండెలకి హత్తుకుని, తనదే తప్పన్నట్టు నవ్వుతూ పక్కకి తప్పుకుంది. ఆ నవ్వు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీలేవే, వాళ్ల తిప్పలు వాళ్లవి" అంది. నేను పోనివ్వలేదు. "రద్దయితే పూర్తి డబ్బు వాపసు కావాలా, వేరే విమానంలో సీటు కావాలా అని మీరు మమ్మల్ని అడగాలి. అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన రూలు" అన్నాను. వచ్చే వారం సీటుందని ఒక కాగితం తోశాడు. రద్దయిందని రాసివ్వమంటే ఇవ్వలేదు. బోర్డుని ఫోటో తీసుకున్నాను. మీరూ తీసుకోండి, వాళ్లు పంపిన మెసేజ్ కూడా చెరపకండి. వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం రాదు గానీ, టికెట్ డబ్బు మాత్రం మనదే.

అమ్మకి చివరికి చోటిచ్చింది సెలవు మీద ఇంటికి వెళ్తున్న ఒక జవాను. తన ఇనుప ట్రంకు పెట్టెని గోడకి జరిపి, పైన శాలువా పరిచి, "కూర్చోండమ్మా" అన్నాడు. అతని విమానమూ రద్దయింది. ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు ఇంగ్లీషు వచ్చా, కంప్యూటర్ వచ్చా అని అడుగుతారు. పెద్దవాళ్లతో మాట్లాడటం వచ్చా అని కూడా అడగాలి.

మమ్మల్ని దింపిన డ్రైవరుకే ఫోన్ చేశాను. వచ్చి నేరుగా వాళ్లింటికి తీసుకెళ్లాడు. వాళ్లావిడ నిప్పుల కాంగ్రీ (అల్లిన బుట్టలో ఉండే చిన్న మట్టి కుంపటి) తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. ఈ మంచు మమ్మల్ని ఇలా ఇరికించిందని నేను చెప్పుకుంటుంటే, ఆయన మాత్రం సంతోషంగా ఉన్నాడు. "దీని కోసమే ఎదురు చూశాం మేడమ్" అన్నాడు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు వాళ్లకి చిల్లై కలాన్, చలి ముదిరే కాలం. అప్పుడు పడ్డ మంచు కొండల మీద గట్టిపడి మెల్లగా కరిగితేనే ఎండాకాలం వాగుల్లో నీళ్లుంటాయట. ఆపిల్ చెట్టుకి చలి సరిపోకపోతే పూత సరిగా రాదట.

ఇక రైల్లోనే వెనక్కి వెళ్దామనుకున్నాం. శ్రీనగర్ నుంచి కాట్రా (వైష్ణోదేవి కొండ కింద ఊరు) వెళ్లే వందే భారత్‌లో మర్నాటికి సీట్లు లేవు, ఆ తర్వాతి రోజుకి దొరికాయి. ఖాళీగా ఉన్న రోజు బనిహాల్ దాకా లోకల్ రైల్లో వెళ్లి రమ్మని ఆయనే చెప్పాడు. నేను వెళ్లాలనుకోలేదు, అమ్మే బయల్దేరదీసింది.

పాంపోర్ దాటేదాకా నా మనసు కౌంటర్ దగ్గరే ఉంది. అనంతనాగ్ తర్వాత అనుకుంటా, బండి ఒక తోట పక్కన ఆగింది. ఫెరన్ (కాశ్మీరీల పొడవాటి వదులు అంగీ) వేసుకున్న ఒక పెద్దాయన పొడవాటి కర్రతో ఆపిల్ కొమ్మల్ని ఒక్కొక్కటే తట్టి మంచు దులుపుతున్నాడు. బరువుకి కొమ్మ విరక్కూడదని. కొట్టడం కాదు, కింద నుంచి ఆనించి కొంచెం పైకి లేపుతున్నాడు. బరువు దిగగానే కొమ్మ మెల్లగా పైకి లేస్తోంది. ఆయన ఇంకో కొమ్మకి వెళ్తున్నాడు. తోట నిండా చెట్లే, ఆయనకి తొందరే లేదు. చూస్తూ చూస్తూ నా భుజాలు వాటంతటవే దిగాయి.

ఖాజీగుండ్ దాటాక 11 కిలోమీటర్ల పీర్ పంజాల్ సొరంగం, ఆవల బనిహాల్. ప్లాట్‌ఫారం మీద అంతమంది ఉన్నా అరుపులు వినపడలేదు. కొత్త మంచు పొరల మధ్య గాలి ఉంటుంది, అది శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. చదివిన సంగతే గానీ, చెవులతో వినడం వేరు.

తిరుగు రైల్లో హోటల్ పెన్సిల్‌తో, టికెట్ ప్రింటు వెనకవైపు ఆ తోటని గీశాను. ఉద్యోగంలో పడ్డాక బొమ్మల జోలికే వెళ్లలేదు. మంచుని గీయక్కర్లేదని అక్కడే తెలిసింది. కాండాల్నీ వాటి నీడల్నీ నల్లగా వేస్తే, వదిలేసిన కాగితమే మంచు అవుతుంది. అమ్మ చూసి, "కర్ర ఇంకొంచెం పొడుగుండాలే" అంది. దిద్దాను. బాగా వచ్చింది, గర్వంగానే చెబుతున్నాను. ఇవాళ పొద్దున ఇంకోటి మొదలుపెట్టాను.

కాట్రా ప్రయాణం సుఖంగా సాగింది. చినాబ్ వంతెన 359 మీటర్ల ఎత్తు, దాని మీద బండి వెళ్తుంటే పెట్టెలో అందరూ లేచి నిలబడ్డారు. స్టేషన్‌కి ముందే వెళ్లండి, తనిఖీలు ఉంటాయి. చలికాలంలో తిరుగు ప్రయాణానికి ఒకట్రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. ఏజెంటు ద్వారా టికెట్ కొనకండి, రీఫండ్ దగ్గర ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

మా డబ్బు ఇంకా రాలేదు. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. అందులో రీఫండ్ గురించి రెండు వాక్యాలే, మిగతాదంతా అమ్మ అడిగిన కుర్చీ గురించే రాశాను. జవాబు వచ్చాక ఇక్కడే చెబుతాను.