జాప్యంపై ఫిర్యాదు: స్ట్రాస్‌బోర్గ్ దాకా నా అనుభవం

నేను పనిచేసిన సంస్థ లెక్కల్లో అవకతవకలు జరిగాయన్న ఆరోపణపై ఐరోపాలోని ఒక దేశంలో నా మీద క్రిమినల్ కేసు నమోదైంది. కేసులోని నిజానిజాలను ఆ దేశపు కోర్టులే తేల్చాలి కనుక వాటి జోలికి పోను. ఏళ్లు గడుస్తున్నా అవి తేల్చకపోవడంపై ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి నేను చేసుకున్న ఫిర్యాదు గురించి మాత్రమే రాస్తున్నాను. నేను అక్కడి పౌరుణ్ణి కాకపోవడం అడ్డు కాలేదు. ఐరోపా మానవ హక్కుల ఒప్పందానికి కట్టుబడిన 46 దేశాల్లో దేని పరిధిలో హక్కుకు భంగం కలిగినా, బాధితుడు ఏ దేశస్థుడైనా స్ట్రాస్‌బోర్గ్‌లోని ఆ న్యాయస్థానానికి రాసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, దరఖాస్తు దశలో న్యాయవాది కూడా తప్పనిసరి కాదు.

ఒప్పందంలోని 6వ అధికరణం విచారణ సహేతుకమైన కాలంలో ముగియాలని చెబుతుంది కానీ, అది ఎన్నేళ్లో చెప్పదు. కేసు ఎంత చిక్కుగా ఉంది, నిందితుడు ఎలా నడుచుకున్నాడు, అధికారులు, కోర్టులు ఎలా నడుచుకున్నాయి, జాప్యం వల్ల నిందితుడికి ఏం ముప్పుంది అన్నవి కలిపి చూస్తారు. కాలాన్ని అభియోగపత్రం దాఖలైన నాటి నుంచే లెక్కించాలని లేదు. అనుమానం తన మీద ఉందని మనిషికి అధికారికంగా తెలిసిన రోజు, లేదా ఆ అనుమానం వల్ల అతని పరిస్థితి గణనీయంగా ప్రభావితమైన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. నా విషయంలో అది ఇంట్లో సోదా జరిగిన రోజు. ఆ రోజు నా చేత సంతకం పెట్టించుకుని ఇచ్చిన పంచనామా ప్రతి నా ఫిర్యాదులో మొదటి పత్రమైంది. దానివల్ల లెక్క అభియోగపత్రం కంటే చాలా వెనక్కి జరిగింది.

అయితే మొత్తం కాలం ఎంతన్న దాని కంటే, అందులో ఏ భాగం ఎవరి ఖాతాలో పడుతుందన్నదే అసలు ప్రశ్న. కోర్టు రికార్డు నకళ్లు తీసుకుని, ప్రతి వాయిదాకు తేదీ, కారణం, దానికి బాధ్యులెవరో రాస్తూ ఒక పట్టిక తయారుచేశాను. లెక్కలు పరిశీలించడానికి కోర్టు నియమించిన నిపుణుడి దగ్గర ఫైలు చాలాకాలం ఉండిపోయింది. ఆ కాలపు ఉత్తర్వులన్నీ దాదాపు ఒకే వాక్యం: నివేదిక అందలేదు, వాయిదా వేయడమైనది. నివేదిక ఆలస్యానికి కోర్టును తప్పుపట్టలేమని మొదట అనుకున్నవారూ ఉన్నారు. కానీ నిపుణుడు న్యాయమూర్తి పర్యవేక్షణలో పనిచేస్తాడు కాబట్టి ఆ ఆలస్యం కోర్టుదేనని స్ట్రాస్‌బోర్గ్ ఎప్పుడో చెప్పింది. న్యాయమూర్తి బదిలీ కావడం, కేసులు పేరుకుపోవడం కూడా సాకులుగా చెల్లవు. న్యాయవ్యవస్థను సకాలంలో తీర్పులిచ్చేలా నిర్వహించుకోవలసిన బాధ్యత రాజ్యానిదే. మా న్యాయవాది కోరిన వాయిదాలను మాత్రం మా ఖాతాలోనే చూపించాను. దాచినా ప్రభుత్వం వాటినే ముందుగా చూపిస్తుంది.

నేరుగా స్ట్రాస్‌బోర్గ్‌కు వెళ్లే వీలు లేదు. దేశంలో దొరికే ఉపశమన మార్గాలన్నీ ముందుగా వాడుకోవాలి. జాప్యంపై అలాంటి మార్గం దేశంలోనే ఉండి తీరాలని 2000లో పోలండ్‌పై వచ్చిన కుద్వా తీర్పు స్పష్టం చేసింది. నేనున్న దేశంలో ఆ మార్గం ఉంది: పై కోర్టు నా ఫిర్యాదు విని జాప్యం జరిగిందని ఒప్పుకుంది, పరిహారంగా చాలా చిన్న మొత్తం ఇచ్చింది. డబ్బు పుచ్చుకున్నాక ఇక ఫిర్యాదుకు తావు లేదని ఒకరిద్దరు న్యాయవాదులు చెప్పారు. కానీ ఇటలీపై 2006 నాటి స్కోర్దినో తీర్పు ప్రకారం, దేశంలో ఇచ్చిన పరిహారం మరీ తక్కువైతే మనిషి బాధితుడిగానే మిగులుతాడు. నా ఫిర్యాదు నిలబడింది ఈ ఒక్క అంశం మీదనే.

దేశంలో తుది నిర్ణయం వచ్చిన నాటి నుంచి నాలుగు నెలల్లో దరఖాస్తు పంపాలి. 2022 ఫిబ్రవరి 1కి ముందు ఈ గడువు ఆరు నెలలు. దరఖాస్తు పత్రంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, ఒక్క పత్రం జతచేయకపోయినా నమోదు చేయకుండా పక్కన పెట్టవచ్చు, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే అసలు సంతకంతో, తేదీల వరుసలో పుటల సంఖ్యలు వేసిన నకళ్లతో పోస్టులో పంపాను. అదనపు వివరణకు ఇరవై పేజీల వరకు అనుమతి ఉన్నా నాకు అంత అవసరం పడలేదు. నేను నిర్దోషినన్న మాట అందులో ఎక్కడా లేదు. అడిగిన ప్రశ్నకు దానితో సంబంధం లేదు.

సంఖ్య కేటాయిస్తూ ఉత్తరం వచ్చాక చాలాకాలం ఏ కబురూ లేదు. జాప్యంపై ఫిర్యాదుకు ఇంత జాప్యమా అని నవ్వుకున్న సందర్భాలున్నాయి. చివరికి ఫిర్యాదును ప్రభుత్వానికి తెలియజేసి, స్నేహపూర్వక పరిష్కారానికి ఇరుపక్షాలకూ ప్రతిపాదన పంపారు. ఆ సంప్రదింపులు గోప్యం కనుక వాటి వివరాలు రాయను. ఆ మొత్తానికి అంగీకరిస్తూ, ఈ అంశంపై ఇక ఏ క్లెయిమూ చేయనని ప్రకటనపై సంతకం చేశాను. ఒప్పుకోకపోయినా ప్రభుత్వం తప్పును అంగీకరిస్తూ ఏకపక్ష ప్రకటన ఇచ్చి కేసును జాబితా నుంచి తొలగించమని కోరవచ్చు. కాబట్టి మొండికేయడంలో నాకు లాభం కనిపించలేదు. నిర్ణయం వెలువడిన మూడు నెలల్లో డబ్బు చెల్లించాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. గడువులోపే అందింది.

స్ట్రాస్‌బోర్గ్ క్రిమినల్ కేసును కొట్టివేయదు. కింది కోర్టు నన్ను నిర్దోషిగా వదిలేసినా, ప్రాసిక్యూషన్ వేసిన అప్పీలు ఇంకా పెండింగులోనే ఉంది. నిర్ణయం ప్రతిని జతచేసి త్వరగా విచారించమని మా న్యాయవాది అక్కడ పిటిషన్ వేశారు. దానిపై ప్రాసిక్యూషన్ జవాబు కోసం వాయిదా పడింది.