పావు అంగుళం, కాస్త గంజి

మా అమ్మాయికి పదకొండేళ్ళు. పోయిన చలికాలంలో ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ కూడా కింద పెట్టకుండా అమ్మా నేను క్విల్ట్ కుట్టడం నేర్చుకుంటా అంది. సరిగ్గా రెండు నెలల ముందు కూచిపూడి వద్దని ఏడ్చి మరీ మానేసిన పిల్ల, శనివారం తెలుగు క్లాసుకి నేను గొంతు చించుకుంటే తప్ప కారెక్కని పిల్ల, ఇప్పుడు తనంతట తాను అడుగుతోంది, అదీ బొంత కుట్టడం! సముద్రాలు దాటి వచ్చింది ఇందుకా అని కడుపు మండిన మాట నిజం, దాచడం దేనికి.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. ఇక్కడ ఫోర్ హెచ్ అని పిల్లల క్లబ్బులుంటాయి, 1902లో ఈ రాష్ట్రంలోనే క్లార్క్ కౌంటీలో మొదలైంది. ఇన్నేళ్ళూ అది ఆవులూ కోళ్ళూ పెంచేవాళ్ళ వ్యవహారం అనుకుని నేను పట్టించుకోలేదు, తీరా చూస్తే వంట, కుట్లు, రోబోలు అన్నీ ఉన్నాయి. మా వీధి చివరింటి పెద్దావిడ అందులో కుట్టు నేర్పిస్తుంది. సరే వెళ్ళు, ఎన్నాళ్ళుంటావో చూస్తా అన్నాను.

మొదటి పాఠం సాటూత్ స్టార్, అంటే రంపం పళ్ళ చుక్క. మధ్యలో పెద్ద చదరం, చుట్టూ ఎనిమిది మొనలు, నాలుగు మూలల్లో నాలుగు చిన్న చదరాలు. కొత్తవాళ్ళకి ముందు ఇదే ఎందుకిస్తారంటే చూడ్డానికి అన్నీ త్రిభుజాలే గానీ త్రిభుజం ముక్క ఒక్కటి కూడా ముందుగా కొయ్యక్కర్లేదు, అన్నీ నిలువు అడ్డం కోతలే. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుందని జాకెట్టు మెడకి క్రాస్ పీస్ వేసిన ఎవరికైనా తెలుసు కదా, ఆ బాధ ఇందులో తక్కువ.

లెక్క ఇదీ. మధ్య చదరం 4½ అంగుళాలు, ఒకటి. మూలలకి 2½ అంగుళాల చదరాలు 4, అంచులకి 2½ వెడల్పు 4½ పొడవు ముక్కలు 4, ఇవి రెండూ లేత రంగులో. మొనలకి 2½ చదరాలు 8, ముదురు రంగులో. ఈ ముదురు చదరం వెనకాల మూల నుంచి మూలకి పెన్సిల్‌తో గీత గీసి, పొడుగు ముక్క ఒక చివర మీద బోర్లా పెట్టి, గీత మీదే కుట్టేసి, మూల వైపు పావు అంగుళం వదిలి మిగతాది కత్తిరించి, మడత విప్పి ఇస్త్రీ చెయ్యాలి. రెండో చివరా అంతే, గీత మాత్రం ఎదురు వాలు. వచ్చిన ముక్కని ఫ్లయింగ్ గీస్ అంటారు, ఎగిరే బాతులన్నమాట, మా అమ్మాయి మాత్రం సమోసా అంటుంది. అలాంటివి నాలుగు చేసుకుని, మూడు వరుసలు మూడేసి ముక్కలుగా పేర్చి, ముందు వరుసలు కుట్టి తర్వాత వరుసలు కలిపితే అయిపోయింది.

చెప్పడానికి ఇంతే. నేను పక్కన కూచుని పెద్దరికం వెలగబెడుతూ, ఇటివ్వు, చీరలకి ఫాల్స్ కుట్టిన చెయ్యి ఇది అన్నాను. మొదటి బాతు మొన తెగిపోయింది. రెండోదీ అంతే. అసలు కిటుకంతా పావు అంగుళంలో ఉంది. ప్రతి కుట్టూ అంచుకి పావు అంగుళం లోపలే పడాలి, త్రిభుజం మొన కూడా అంచుకి పావు అంగుళం కిందనే ఆగుతుంది, కుట్టు ఓ నూలుపోగంత లోపలికెళ్ళినా మొన తెగుతుంది. మన టైలర్లేమో జాకెట్టుకి లోపల గుడ్డ దండిగా వదులుతారు, రేపు లావైతే విప్పుకోడానికి, ఆ చేత్తో పెరిగినదాన్ని, నాకీ పిసినారితనం ఎక్కడ అబ్బుతుంది! పైగా వరుసలో ముక్కలు కలిపితే 9½ అంగుళాలు కదా, కుట్టాక 8½ వస్తుంది, బొంతలో చేరాక 8 అవుతుంది. ఆ ఒకటిన్నర ఎక్కడికి పోయిందే అని అడిగితే కుట్లు తినేశాయి అమ్మా అంది, ఐదో తరగతి లెక్క.

ఇస్త్రీ కూడా మనలా రుద్దకూడదట, పెట్టి ఎత్తాలి, రుద్దితే ముక్క సాగి వంకరవుతుంది.

ఇంతవరకూ షాపు గుడ్డలే. ఒక ఆదివారం మా అమ్మాయి నా పెట్టె తెరిచి మా అమ్మ పాత మంగళగిరి చీర బయటికి లాగింది, ముదురు నీలం, మధ్యలో చిరిగింది, నేను ఎందుకు దాచానో నాకే తెలీదు. ఇది కోస్తాను అంది. సరేనన్నాను గానీ ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత గుడ్డ, పిజ్జా కోసేదానిలా చక్రం ఉండే కత్తి ఉంటుంది చూడండి, దాని కింద నిలవదే, జారిపోతోంది. ఒక చదరం 2½ ఇంకోటి 2¼. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఇంతలో గుడివాడ నుంచి మా అమ్మ వీడియో కాల్.

"ఏం చేస్తున్నావే బుజ్జమ్మా?"

"అమ్మమ్మా నక్షత్రం కుడుతున్నా, నీ చీరతో, కానీ అది స్ట్రెయిట్‌గా రావట్లేదు."

చీర కోసినందుకు తిడుతుందేమో అని నేను నోరు తెరిచేలోపే మా అమ్మ, "గంజి పెట్టారా?" అంది.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. "గుడ్డకి పస లేకపోతే కత్తెరకి ఏం ఆనుద్దే? పల్చగా గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు కొయ్యండి." కుక్కర్లో కాకుండా విడిగా అన్నం వండి వార్చడం నేను ఈ దేశంలో ఆరోజే మొదలు. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా నిలబడింది, చదరాలు గీత గీసినట్టు వచ్చాయి. సోమవారం పెద్దావిడకి చూపిస్తే ఆవిడ నవ్వి తన అలమరలోంచి స్టార్చ్ స్ప్రే డబ్బా తీసి చూపించిందట, మీ అమ్మమ్మకి క్విల్టింగ్ వచ్చా అని అడిగిందట. వచ్చు అని చెప్పాను అంది మా పిల్ల. మరీ అబద్ధమేం కాదు, కానీ మా ఇంట్లో బొంతలు కుట్టింది మా అమ్మ కాదు, మా అమ్మమ్మ. నాలుగైదు పాత చీరలు పరిచి, జానతో కొలిచి, మధ్యాహ్నాలు అరుగు మీద కూచుని పొడుగు కుట్లు వేసేది, నా పని సూదిలో దారం ఎక్కించడం వరకే. నేను హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు ఒకటి కుట్టి ఇస్తే, అందరి ముందూ బొంత ఏంటని వద్దని షాపులో దుప్పటి కొనిపించుకున్నాను. అది తర్వాత ఏమైందో అడగలేదు, పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాడికే వెళ్ళుంటుంది. మా పిల్ల కూచిపూడి మానేసిందని నేను రెండు నెలలు మొహం మాడ్చుకుని తిరిగాను.

ఇంకోమాట. మా అమ్మ నక్షత్రం అననివ్వదు. "నక్షత్రమేంటే, చుక్క అనవే." చుక్క అంటే డాట్ కదా ముగ్గులో, అంటుంది ఇది. అదీ చుక్కే ఇదీ చుక్కే, తెల్లారగట్ల వచ్చేది వేగుచుక్క అని ఆవిడ. తెలుగు క్లాసులో ఏడాదిలో అడగనన్ని డౌట్లు ఆ ఒక్క కాల్‌లో అడిగింది.

ఏప్రిల్‌లో ఆడమ్స్ కౌంటీ వెళ్ళాం, దక్షిణంగా ఒహాయో నది ఒడ్డున ఉంటుంది. డోనా స్యూ గ్రోవ్స్ అనే ఆవిడ, తల్లి మాక్సీన్ క్విల్ట్‌లు కుట్టేదని, ఆమె కోసం కొట్టం గోడ మీద క్విల్ట్ బొమ్మ వేయాలనుకుంది, అది పెరిగి ఊరూరా కొట్టాల మీద బొమ్మలయ్యాయి, 2001లో మొదటిది ఒహాయో స్టార్ అనే ఇంకో రకం చుక్క. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. మా అమ్మాయి కారు ఆపించి, అమ్మా ఇది మనది కాదు, దీనికి నిజంగా త్రిభుజాలు కొయ్యాలి, మనం ఇంకా అంత ఎదగలేదు అంది. మనం అంది, నేను గమనించాను.

వరుసకి ఐదు, ఆరు వరుసలు, మొత్తం ముప్పై చుక్కలైతే 40కి 48 అంగుళాల బొంత అవుతుంది, ఒళ్ళో కప్పుకోడానికి సరిపోతుంది. ఇప్పటికి ఏడయ్యాయి. మా అమ్మ ఇంకో రెండు పాత చీరలు ఎవరితోనో పంపిస్తానంది, చిలకపచ్చ ఒకటి, తెల్లది ఒకటి. ఏడింటిలో ఒకదానికి రెండు మొనలు తెగున్నాయి, అది నేను కుట్టింది. ఊడదీసి మళ్ళీ కుట్టు అని మా అమ్మాయి రోజూ వెంటపడుతోంది, కుట్లు విప్పే ములుకు తెచ్చి నా ల్యాప్‌టాప్ మీద పెట్టి వెళ్ళింది.